ఈ వారం తాళం నా దగ్గర

చందా నూటయాభై.
రసీదు మీద అచ్చయిన ప్రకాశం జిల్లాని
పెన్నుతో కొట్టేసి, పైన నెల్లూరు అని రాసింది మాలకొండమ్మ.
"పాత పుస్తకాలు ఇంకా నాలుగున్నయ్, పారేస్తామా ఏంది?"
అట్లా కందుకూరు మహిళా సేవా సమితిలో
నేను నలభైమూడో మనిషిని.

పేరు రాశాను. వీధి రాశాను.
'మీకు వచ్చిన పని' అన్న చుక్కల గీత దగ్గర
ఆగి,
పొగాకు గ్రేడింగు అని రాసి
నాకే సిగ్గేసి కొట్టేశాను.
ఆకు పసుపులో ఎన్ని పసుపులుంటాయో తెలిసిన కళ్ళు
సేవకి ఏం పనికొస్తాయి?
ఖాసింబీ అడిగింది:
"రాత్రిపూట ఫోనెత్తుతావా?"
"ఎత్తుతా."
"అదే రాయి."

నిజం చెప్పాలంటే
పెద్దాసుపత్రిలో పళ్ళు పంచే ఫోటోలో
బ్యానరు చివర పట్టుకుని నిలబడొచ్చనుకున్నాను.
నీలం చీర ఇస్త్రీ కూడా చేయించాను.
వీళ్ళేమో చేతిలో తాళంచెవి పెట్టారు,
జాకెట్టు గుడ్డ పీలిక కట్టిన తాళంచెవి.
పామూరు రోడ్డులో వడ్లమిల్లు వెనక రేకుల గది.
గదిలో ఒకటే వస్తువు:
అద్దం మూత, నాలుగు చక్రాలు,
పదిహేను గజాల వైరు.
మనిషి పోతే
రావాల్సినవాళ్ళు వచ్చేదాకా ఉంచే చల్లపెట్టె.

మాలకొండమ్మ చెప్పిన జాగ్రత్తలు, ఆమె చెప్పిన వరసలోనే:
ప్లగ్గు వదులైతే అగ్గిపుల్ల దోపు.
నిమ్మకాయలు కట్టుకుంటే కట్టుకోనీ.
డబ్బులు అడగమాక, ఇస్తే రసీదు రాయి.
టీ ఇస్తే తాగు, వద్దనమాక.
ఇంతకుముందు ఇందులో ఎవరున్నారని అడుగుతారు,
తప్పకుండా అడుగుతారు, ఏ వీధి, ఏ ఇంటిపేరని కూపీ లాగుతారు.
"కడిగాం" అని మాత్రం చెప్పు.

మూడోరాత్రి, ఒకటీ ఇరవై.
ఫోనెత్తాను.
ట్రాలీ ఆటోలో పెట్టెకి ఒకపక్క నేను, ఇంకోపక్క ఖాసింబీ,
గతుకుల్లో అద్దం మోగకుండా
రెండు చేతులూ ఆనించి.
రోహిణి కార్తె. ఆ వేళప్పుడు కూడా గాలి
బ్యారన్ తలుపు తీసినట్టే ఉంది.

కాలనీలో చివరి ఇల్లు. ఇరవై ఆరేళ్ళ పిల్ల.
అన్న కోయంబేడు మార్కెట్టు నుంచి రావాలి, బాగా పొద్దెక్కుతుంది.
ప్లగ్గు పెట్టాను. పెట్టె మూలిగి ఆగింది.
అగ్గిపుల్ల దోపాను. మూలిగింది, ఆగింది.
"ఓల్టేజి చాల్లేదక్కా" అన్నాడు ఆటో అబ్బాయి.

ఎవరు ముందు లేచారో చూళ్ళేదు.
ఎదురింట్లో కూలరు ఆగింది.
పక్కింట్లో ఫ్రిజ్జు. ఆ పక్క ఫ్యాను,
వెనక సందులో ఇంకో ఫ్యాను.
చంటిపిల్లల్ని భుజాన వేసుకుని
అట్టముక్కలతో విసురుకుంటూ
గడపల్లోకి వచ్చి కూర్చున్నారు.
వీధి వీధంతా చెమటలో కూర్చుంటే
పెట్టె ఒక్కటే
సన్నగా గుర్రుమంటూ చల్లబడింది.

ఆ పిల్ల తల్లి నా చెయ్యి పట్టుకుంది.
వదల్లేదు. వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుంది.
"నువ్వూ గ్రేడింగుకేనా?"
"ఊఁ."
"మా కరుణ కూడా."
ఏ షెడ్డు అని అడగాలనిపించింది. అడగలేదు.
టీ ఇచ్చారు. తాగాను.

ఇంటికొచ్చేసరికి నాలుగున్నర.
మా ఆయన నిద్రమొహంతో "ఫోటో తీశారా?" అన్నాడు.
నీలం చీర దండెం మీద మడత నలక్కుండా ఉంది.

ఎల్లుండికి పెట్టె తిరిగొచ్చింది.
డెట్టాలు నీళ్ళతో రెండుసార్లు తుడిచాను.
అద్దానికి అంటుకుపోయిన బంతిరేకని
గోరుతో గీకాను.

శనివారం, పెద్దబజారులో మేడ ఇల్లు.
పెట్టె దించకముందే ఒక పెద్దాయన అడ్డం వచ్చాడు.
"మొన్న ఇందులో ఎవర్ని పెట్టారమ్మా?"

ఆ పేరు నోటిదాకా వచ్చింది.

ఎంత తోమినా ఆకు వాసన పోని వేళ్ళతో
ప్లగ్గు వెతుక్కుంటూ
"కడిగాం" అన్నాను.